కారు లేకుండా నాటింగ్‌హామ్‌లో కాపురం: ట్రామ్, బస్సు, రైలు సౌకర్యాలపై సలహా కావాలి

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో నర్సుగా పనిచేస్తున్నాను. నాటింగ్‌హామ్‌లోని క్వీన్స్ మెడికల్ సెంటర్‌లో నాకు ఉద్యోగం ఖాయమైంది. మా వారికి డెర్బీలోని ఒక ఇంజినీరింగ్ సంస్థలో ఉద్యోగం దొరికింది. ఆయన వారంలో కొన్ని రోజులే కార్యాలయానికి వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చు. మా పాపకు నాలుగేళ్ళు. వెళ్ళిన వెంటనే కారు కొనే ఆర్థిక స్తోమత మాకు లేదు, పైగా అక్కడ డ్రైవింగ్ లైసెన్సు చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో తెలియదు. అందువల్ల కారు లేకుండా ఒకటి రెండేళ్ళు గడపగలమా, గడపాలంటే ఇల్లు ఏ వైపు తీసుకోవాలి అన్నది మా ముందున్న ప్రశ్న. రాత్రి విధులు ఉంటాయి కనుక ఆ వేళల్లో ప్రయాణం గురించి నాకు ప్రత్యేకమైన ఆందోళన ఉంది. ఆ ఊరిలో ఉంటున్నవారు, గతంలో ఉన్నవారు వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

ట్రెంట్ ఒడ్డున

అమ్మా, మీకు మొదట చెప్పవలసింది ధైర్యం. లండన్‌ను పక్కన పెడితే, కారు లేకుండా బతకడానికి ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కంటే మేలైన ఊళ్ళు ఎక్కువ లేవు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ ఉంటున్నాను, పిల్లలను ఇక్కడే పెంచాను.

ఊరిలో రెండు ట్రామ్ మార్గాలు ఉన్నాయి. మొదటిది ఉత్తరాన హక్నల్ నుంచి నగరం మధ్యగా, రైల్వే స్టేషను మీదుగా పడమరన టోటన్ లేన్ వరకు వెళుతుంది. రెండవది ఫీనిక్స్ పార్క్ నుంచి దక్షిణాన క్లిఫ్టన్ సౌత్ వరకు వెళుతుంది. మీ ఆసుపత్రికి మొదటి మార్గంలో సొంత స్టాపు ఉంది. ఆ స్టాపు ఎత్తైన వంతెన మీద ఉంటుంది, అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రి భవనంలోకి నడిచి వెళ్ళిపోవచ్చు, రోడ్డు దాటే పని కూడా ఉండదు. దాని తరువాతి స్టాపు విశ్వవిద్యాలయం, ఆ తరువాత కొద్ది దూరంలో బీస్టన్. పగటిపూట వేళల పట్టిక చూడనవసరం లేనంత తరచుగా ట్రామ్‌లు వస్తాయి.

మీ ఇద్దరి ఉద్యోగాలనూ దృష్టిలో పెట్టుకుంటే నా సలహా బీస్టన్. మీకు ట్రామ్ ఉంటుంది, అది ఆగిపోయిన రోజున 36వ నంబరు బస్సు ఉంటుంది, మీ వారికి డెర్బీ వెళ్ళే రైలు ఉంటుంది. ఏదో ఒకటి చెడిపోయినా మరొకటి చేతిలో ఉండే ప్రాంతాన్ని ఎంచుకోవడం కారు లేనివారికి అన్నిటికంటే ముఖ్యం. అద్దె తక్కువని ఒకే ఒక బస్సు తిరిగే చోట ఇల్లు తీసుకున్నవారు, కొద్ది నెలలకే కారు కొనక తప్పని పరిస్థితిలో పడడం నేను చాలామంది విషయంలో చూశాను.

టికెట్ల విషయంలో రెండు జాగ్రత్తలు. ట్రామ్ ఎక్కే ముందే స్టాపులోని యంత్రం దగ్గరో ఫోనులోనో టికెట్టు కొనాలి, ఎక్కిన తరువాత కొనడం కుదరదు, టికెట్టు లేకుండా దొరికితే జరిమానా తప్పదు. నగర బస్సుల్లో నగదు ఇస్తే చిల్లర తిరిగి ఇవ్వరు, అందుచేత బ్యాంకు కార్డు వాడడం మేలు.

డెర్బీ ప్రయాణికుడు

పెద్దవారు చెప్పిన బీస్టన్ సలహాతో ఏకీభవిస్తూనే, అద్దె ఇల్లు చూసేటప్పుడు గమనించవలసిన ఒక సంగతి చెబుతాను. బీస్టన్‌లో ట్రామ్ ఆగే చోటు, రైలు ఆగే చోటు ఒకటి కావు. ట్రామ్, బస్సులు ఊరి నడిబొడ్డున కలుస్తాయి. రైల్వే స్టేషను దక్షిణపు అంచున ఉంది, రెండింటి మధ్య పది పదిహేను నిమిషాల నడక. ప్రకటనలో "స్టేషనుకు దగ్గర" అని రాసిన ఇల్లు మీ వారికి అనుకూలంగా ఉండి మీకు దూరం కావచ్చు. ఈ రెండింటికీ మధ్యలో ఇల్లు దొరికితే ఇద్దరికీ సుఖం.

రైలులో బీస్టన్ నుంచి డెర్బీ అరగంట లోపు ప్రయాణమే. అయితే డెర్బీలో కార్యాలయం ఎక్కడ అన్నది చాలా ముఖ్యం. ప్రైడ్ పార్క్ వైపు అయితే స్టేషను వెనుక ద్వారం నుంచి నడిచి వెళ్ళవచ్చు. సిన్‌ఫిన్ వైపు అయితే దిగిన తరువాత మరో బస్సు ఎక్కాలి, అప్పుడు మొత్తం ప్రయాణ కాలం ఇంచుమించు రెట్టింపవుతుంది. నాటింగ్‌హామ్ విక్టోరియా బస్ స్టేషను నుంచి రెడ్ యారో అనే వేగపు బస్సు కూడా డెర్బీకి వెళుతుంది. నగరం మధ్యలో నివసించేవారికి అది రైలుకు గట్టి పోటీయే కాని, ఉదయం పూట ఏ52 రహదారి మీద రద్దీ ఉన్నప్పుడు రైలుదే పైచేయి.

మీ వారు వారంలో కొన్ని రోజులే వెళతారు కనుక ఫ్లెక్సీ సీజన్ టికెట్టు గురించి తెలుసుకోవాలి. 2021 జూన్‌లో దీన్ని ప్రవేశపెట్టారు. 28 రోజుల వ్యవధిలో ఏవైనా 8 రోజులు ఇది పనిచేస్తుంది. వారానికి రెండు రోజులు వెళ్ళేవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. మూడు రోజులైతే మాత్రం మామూలు రానుపోను టికెట్టు, ఫ్లెక్సీ, నెలవారీ సీజన్ ఈ మూడింటినీ లెక్కవేసి చూసుకోవాలి.

రాత్రి విధులు

చెల్లెమ్మా, నేనూ నర్సునే, ఈ ఊరి ఆసుపత్రుల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీరు అడిగిన అసలు ప్రశ్నకు నేను జవాబు చెబుతాను.

రాత్రి డ్యూటీ సాయంత్రం మొదలై ఉదయం ముగుస్తుంది కాబట్టి, వారం మధ్యలో రెండు ప్రయాణాలూ ట్రామ్ నడిచే వేళల్లోనే జరుగుతాయి. అసలు ఇబ్బంది పగటి డ్యూటీతో, అందులోనూ ఆదివారంతో వస్తుంది. ఆదివారం ఉదయం ట్రామ్‌లు, బస్సులు మామూలు రోజులకంటే ఆలస్యంగా మొదలవుతాయి, వార్డులో అప్పగింత మాత్రం ఏ రోజైనా అదే సమయానికి జరుగుతుంది. అందుచేత ఇల్లు చూసేటప్పుడు సోమవారం వేళలు కాకుండా ఆదివారం మొదటి బండి ఎన్నింటికో చూడండి. నగరం నుంచి బీస్టన్, లాంగ్ ఈటన్ మీదుగా ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయానికి వెళ్ళే స్కైలింక్ బస్సు రాత్రింబవళ్ళు నడుస్తుంది. విమానాశ్రయం చుట్టూ ఉన్న గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టులు చేసేవారికి అది ప్రాణాధారం, ఆ దారిలో ఉండే మనవంటి వారికీ అదే దిక్కు.

ఇక డిసెంబరు 25. ఆ రోజు బ్రిటన్ అంతటా రైళ్ళు నడవవు, ఇక్కడ ట్రామ్‌లూ నడవవు, బస్సుల మీద ఆశ పెట్టుకోకూడదు. మరునాడు కూడా రైళ్ళు దాదాపుగా ఉండవు. పండుగ రోజు డ్యూటీ పడితే తోటి ఉద్యోగులలో కారున్న వారితో నవంబరులోనే మాట్లాడుకోవాలి, లేదా ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి. లెంటన్, డంకిర్క్ ప్రాంతాల నుంచి నడిచి వెళ్ళవచ్చు కాని అక్కడ విద్యార్థుల ఇళ్ళు ఎక్కువ, నాలుగేళ్ళ పాపతో ఉండేవారికి బీస్టనే నయం. బీస్టన్ తూర్పు కొస నుంచి ఆసుపత్రికి నడవడం కష్టమేమీ కాదు.

మరొక మాట. ఇక్కడ రెండు పెద్ద ఆసుపత్రులు ఒకే సంస్థ కింద ఉన్నాయి, రెండవది ఊరికి ఉత్తరాన ఉన్న సిటీ హాస్పిటల్. శిక్షణకో, వార్డు మార్పు మీదో మిమ్మల్ని అక్కడికి పంపవచ్చు. రెండింటి మధ్య మెడిలింక్ అనే బస్సు ఉంది. ఉద్యోగ పత్రంలో పని స్థలం ఏది రాశారో ఒకసారి చదువుకోండి.

హక్నల్ నాన్న

అందరూ బీస్టన్ అంటున్నారు కాని అక్కడి అద్దెల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. విశ్వవిద్యాలయం పక్కనే ఉండడం, ట్రామ్ రావడం, రైలు ఉండడం అన్నీ కలిసి అక్కడ ఇళ్ళ ధరలను పెంచాయి. కొత్తగా వచ్చే కుటుంబానికి నెలనెలా ఆ తేడా చిన్నది కాదు.

మొదటి మార్గం ట్రామ్ ఉత్తరం వైపు నుంచి కూడా నేరుగా మీ ఆసుపత్రికే వెళుతుందని గుర్తుంచుకోండి. హైసన్ గ్రీన్, బాస్‌ఫర్డ్, బుల్‌వెల్, హక్నల్ అన్నీ ఆ మార్గంలోనే ఉన్నాయి, ఎక్కడా మారనక్కరలేదు. హైసన్ గ్రీన్‌లో మన బియ్యం, పప్పులు, కరివేపాకు దొరికే దుకాణాలు నడిచే దూరంలో ఉంటాయి. హక్నల్ నుంచి ప్రయాణం ఎక్కువసేపే పడుతుంది, ముప్పావు గంట వరకు అనుకోండి, కాని కూర్చుని వెళ్ళవచ్చు, ఎందుకంటే ట్రామ్ అక్కడే బయలుదేరుతుంది. హక్నల్‌లో రైలు కూడా ఉంది. దాన్ని రాబిన్‌హుడ్ మార్గం అంటారు. 1960లలో ప్రయాణికులకు మూసివేసిన ఆ దారిని 1993 నుంచి 1998 వరకు దశలవారీగా మాన్స్‌ఫీల్డ్, వర్క్‌సాప్ దాకా తిరిగి తెరిచారు. ట్రామ్ పట్టా, రైలు పట్టా పక్కపక్కనే నడిచే ఆ దారి మా పాపకు ఎంతో ఇష్టం.

మీ వారి డెర్బీ ప్రయాణానికి మాత్రం ఈ వైపు అనుకూలం కాదని ఒప్పుకుంటాను. నగరంలోకి వచ్చి రైలు మారవలసి ఉంటుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో గూస్ ఫెయిర్ జాతర జరిగే రోజుల్లో ఫారెస్ట్ స్టాపు దగ్గర సాయంత్రం ట్రామ్‌లు కిక్కిరిసిపోతాయి, ఆ రోజుల్లో డ్యూటీకి కాస్త ముందు బయలుదేరాలి.

నగర ప్రణాళిక

నేను రవాణా ప్రణాళిక రంగంలో పనిచేస్తాను. ఈ ఊరికి ఇంత మంచి బస్సులు, ట్రామ్‌లు ఎలా వచ్చాయో తెలిస్తే, ఇవి రేపు కూడా ఉంటాయా అన్న సందేహానికి కొంత జవాబు దొరుకుతుంది కనుక వివరంగా రాస్తున్నాను.

1985 నాటి రవాణా చట్టం ప్రకారం 1986 అక్టోబరు 26 నుంచి లండన్ మినహా బ్రిటన్ అంతటా బస్సు మార్గాలను ప్రైవేటు పోటీకి వదిలేశారు. ఏ కంపెనీ అయినా తనకు లాభం వచ్చే దారిలో తనకు నచ్చిన ఛార్జీతో బస్సు నడుపుకోవచ్చు. చాలా నగరాలు తమ సొంత బస్సు సంస్థలను అమ్మేసుకున్నాయి. ఆర్టీసీని ప్రభుత్వ సంస్థగానే చూస్తూ పెరిగిన మనకు ఇది వింతగా తోస్తుంది గాని, షెఫీల్డ్, లీడ్స్ వంటి ఊళ్ళలో జరిగింది ఇదే. నాటింగ్‌హామ్ అమ్మలేదు. నాటింగ్‌హామ్ సిటీ ట్రాన్స్‌పోర్ట్ ఈ రోజుకీ నగరపాలక సంస్థ చేతిలోనే ఉంది. అది వ్యాపార సంస్థలాగే నడుస్తుంది, కాని దాని లాభాలు ఎక్కడో దూరాన ఉన్న వాటాదారుల కోసం ఊరి మార్గాలను పిండుకోవడానికి దారి తీయలేదు. ఒక్కొక్క దిక్కుకు వెళ్ళే బస్సులకు ఒక్కొక్క రంగు పెట్టారు. ఆకుపచ్చ అయితే వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్, లేత నిమ్మ ఆకుపచ్చ అయితే ఆర్నల్డ్. ఇంగ్లీషు చదవడం రాని పెద్దవారు కూడా రంగు చూసి ఎక్కగలరు. 2017 నుంచి బయోగ్యాస్‌తో నడిచే రెండంతస్తుల బస్సులను పెద్ద సంఖ్యలో తెచ్చారు.

విచిత్రమేమిటంటే, ఇది చూసి మరో ఊరు సొంత బస్సు సంస్థ పెట్టుకుందామన్నా 2017లో వచ్చిన చట్టం దాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని 2025లో గాని తొలగించలేదు. ఉన్నదాన్ని నిలబెట్టుకున్న ఊరికి, అమ్ముకుని విచారించిన ఊరికి ఉన్న తేడా ఇక్కడ కళ్ళారా చూడవచ్చు.

రెండవది ట్రామ్. పాత ట్రామ్‌లను 1936లోనే తీసేశారు, వాటి స్థానంలో వచ్చిన ట్రాలీబస్సులు కూడా 1966లో పోయాయి. కొత్త ట్రామ్ 2004 మార్చిలో మొదలైంది. క్లిఫ్టన్, టోటన్ వైపు పొడిగించిన దారులు 2015 ఆగస్టులో ప్రారంభమయ్యాయి. ఆ పొడిగింపులో నగరం భరించవలసిన వాటాకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అందరూ తెలుసుకోవలసిన విషయం. 2012లో ఈ నగరం ఉద్యోగస్థలాల పార్కింగ్ మీద లెవీ విధించింది. బ్రిటన్‌లో మరే ఊరూ అప్పటికి ఆ పని చేయలేదు. ఉద్యోగుల కోసం 11 లేదా అంతకంటే ఎక్కువ పార్కింగ్ స్థలాలు ఉన్న యజమాని, ఒక్కో స్థలానికి ఏడాదికి ఇంత అని చెల్లించాలి. మొదటి ఏడాది అది 288 పౌండ్లు, ఆ తరువాత పెరుగుతూ వచ్చింది. ఆ డబ్బు ట్రామ్ పొడిగింపుకు, రైల్వే స్టేషను పునర్నిర్మాణానికి, బస్సులకు మాత్రమే ఖర్చు పెట్టాలన్నది నియమం. ఖాళీ స్థలంలో ఊరికే నిలబడి ఉండే కారు, ట్రామ్‌లో వెళ్ళేవారి పట్టాలకు డబ్బు కట్టేలా చేశారు. పక్కనే ఉన్న లెస్టర్ నగరం కూడా ఇలాంటి లెవీని ప్రతిపాదించి 2022లో విరమించుకుంది. ఇంతటి నిర్ణయానికి రాజకీయ ధైర్యం కావాలి, అందుకే ఈ నగరాన్ని నేను గౌరవిస్తాను.

అలాగని అంతా సజావుగా సాగిందని అనను. పట్టాలు వేస్తున్న కాలంలో బీస్టన్, చిల్‌వెల్ వీధుల్లోని చిన్న దుకాణాలు నెలల తరబడి బేరాలు లేక నలిగిపోయాయి. అనుకున్న గడువుకంటే పని ఆలస్యమైంది. 2023 నవంబరులో నగరపాలక సంస్థ తన ఖర్చులకు తగిన నిధులు లేవని అధికారికంగా ప్రకటించవలసి వచ్చింది. నగరపాలక సంస్థ సహాయం మీద ఆధారపడి నడిచే చిన్న మార్గాల విషయంలో అప్పటి నుంచి భయం ఉంది. అందుకే ట్రామ్ లేదా తరచుగా తిరిగే పెద్ద బస్సు మార్గం పక్కన ఉండమని నేనూ చెబుతాను.

పట్టాల మీద

నగర ప్రణాళిక గారు రాసినదంతా ఊరి లోపలి సంగతి. ఊరి నుంచి బయటకు వెళ్ళే రైళ్ళ విషయంలో పరిస్థితి అంత బాగుందని చెప్పడం న్యాయం కాదు.

నాటింగ్‌హామ్ ప్రధాన రైలు మార్గం మీద లేదు. లండన్ నుంచి ఉత్తరానికి వెళ్ళే మిడ్‌లాండ్ ప్రధాన మార్గం ట్రెంట్ జంక్షన్ దగ్గర దారి చీలి డెర్బీ వైపు, షెఫీల్డ్ వైపు వెళ్ళిపోతుంది, మన ఊరు పక్కన ఉండిపోతుంది. 1839లో డెర్బీ నుంచి మొదటి రైలు వచ్చిన నాటి నుంచి ఇదే పరిస్థితి. 1900లో ప్రారంభమైన విక్టోరియా స్టేషను, గ్రేట్ సెంట్రల్ మార్గం ఆ లోటును తీర్చాయి. ఆ మార్గం ఊరి నడుమగా ఉత్తర దక్షిణాలుగా సాగేది. 1960లలో ఆ మార్గాన్నీ, 1967లో ఆ స్టేషనునూ మూసేశారు. స్టేషను గడియార స్తంభం ఒక్కటి మిగిలింది, దాని వెనుక ఇప్పుడు వ్యాపార సముదాయం ఉంది. మీరు క్లిఫ్టన్ వెళ్ళే ట్రామ్ ఎక్కితే విల్ఫర్డ్ దాటిన తరువాత కొంత దూరం ఆ పాత మార్గపు కట్ట మీదుగానే వెళతారు.

ఫలితం ఏమిటంటే, బర్మింగ్‌హామ్ ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్లే అయినా రైలుకు గంటంబావు పడుతుంది. ఇంచుమించు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న లండన్‌కు అంతకంటే మరో ఇరవై, ముప్పై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. లీడ్స్‌కు నేరుగా వెళ్ళే రైలు ఇంచుమించు రెండు గంటలు తీసుకుంటుంది. లింకన్ రైలు సంగతి చెప్పనే అక్కరలేదు. రాజధానికి వెళ్ళడం సులభం, పొరుగు ఊరికి వెళ్ళడం కష్టం అన్నది ఇంగ్లండ్ మధ్య ప్రాంతాలన్నిటికీ పాత జబ్బు.

దీన్ని బాగుచేస్తామన్న వాగ్దానాలకు లెక్కలేదు. మిడ్‌లాండ్ ప్రధాన మార్గాన్ని విద్యుదీకరిస్తామని 2012లో ప్రకటించారు, 2017లో కెటరింగ్‌కు ఉత్తరాన పనిని రద్దు చేశారు, 2021లో మళ్ళీ చేస్తామన్నారు, తీగలు లెస్టర్ దక్షిణపు పొలిమేర దాకా వచ్చిన తరువాత 2025లో మళ్ళీ ఆపేశారు. టోటన్ దగ్గర హైస్పీడ్ రైలు స్టేషను వస్తుందని ఏళ్ళ తరబడి ప్రణాళికలు వేసుకున్నారు. ఆ ఆశ 2021లో సన్నగిల్లింది, 2023 అక్టోబరులో పూర్తిగా పోయింది. ఇప్పుడు టోటన్ లేన్‌లో పెద్ద పార్కింగ్ స్థలం, ట్రామ్ ఆఖరి స్టాపు ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. డీజిలుతోనూ విద్యుత్తుతోనూ నడిచే అరోరా రైళ్ళను ఈ మార్గం కోసం తయారు చేయించారు, కాని తీగలే లేని చోట అవి డీజిలు మీదే నడవాలి కదా.

నగర ప్రణాళిక

పట్టాల మీద గారి ఆవేదనతో నాకు విభేదం లేదు. అయితే ఒక తేడా గమనించండి. ఊరి చేతిలో అధికారం ఉన్న చోట, అంటే ట్రామ్, బస్సు, పార్కింగ్ విషయంలో పని జరిగింది. లండన్‌లోని మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్న రైళ్ళ విషయంలో జరగలేదు. 2024లో నాటింగ్‌హామ్, డెర్బీ నగరాలనూ వాటి చుట్టూ ఉన్న రెండు జిల్లాలనూ కలిపి ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఉమ్మడి పాలక సంస్థ ఏర్పడింది, మే నెలలో క్లేర్ వార్డ్ మొదటి మేయరుగా ఎన్నికయ్యారు. మాంచెస్టర్ ప్రాంతం 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి లోపు తన బస్సులన్నింటినీ తిరిగి ప్రజా నియంత్రణలోకి తెచ్చుకున్నది ఇలాంటి మేయరు అధికారంతోనే. రెండు నగరాల మధ్య ఒకే టికెట్టుతో తిరిగే రోజు రావాలంటే ఇక్కడ కూడా ఆ దిశగా అడుగు పడాలని నేను కోరుకుంటున్నాను.

ఓరుగల్లు విద్యార్థి

ఒకే టికెట్టు మాట వచ్చింది కనుక కొత్తవారు తరచుగా డబ్బు పోగొట్టుకునే చోటు చెబుతాను. నగర బస్సు సంస్థ రోజు టికెట్టు ట్రామ్‌లో చెల్లదు, ట్రామ్ టికెట్టు బస్సులో చెల్లదు. రెండూ ఎక్కవలసి ఉంటే రాబిన్‌హుడ్ పేరుతో ఉన్న ఉమ్మడి టికెట్టు తీసుకోవాలి, అది నగర పరిధిలో వేర్వేరు సంస్థల బస్సులకు, ట్రామ్‌కు కలిపి పనిచేస్తుంది. రోజూ ఒకే ట్రామ్‌లో వెళ్ళి వచ్చేవారికి ఉమ్మడి టికెట్టు దండుగ. ఇక ఇంగ్లండులో బస్సు ఒక వైపు ఛార్జీ 2025 జనవరి నుంచి గరిష్ఠంగా 3 పౌండ్లు. డెర్బీ వంటి దూరపు ఊరికి బస్సులో వెళ్ళినా ఈ పథకంలో చేరిన సంస్థల్లో అంతకు మించి అడగరు, అందువల్ల డబ్బుకు ఇబ్బంది ఉన్న నెలలో మీ వారికి బస్సే ఆసరా.

కృష్ణాతీరం

ఇంత శ్రద్ధగా రాసిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఆదివారం మొదటి బండి గురించి, డిసెంబరు 25 గురించి మాకు ఆలోచనే లేదు, అక్కగారు చెప్పి ఎంతో మేలు చేశారు. మా వారి కార్యాలయం ప్రైడ్ పార్క్‌లోనే అని తెలిసింది. బీస్టన్‌లో స్టేషనుకూ ట్రామ్‌కూ మధ్యలో ఇల్లు వెతకాలని నిర్ణయించుకున్నాం.

మరో రెండు సందేహాలు. ఎప్పటికైనా కారు కొంటే ఆసుపత్రి పార్కింగ్‌కు కూడా ఆ లెవీ పడుతుందా? సెలవుల్లో ఇంటికి రావడానికి హైదరాబాదు విమానం ఎక్కడి నుంచి ఎక్కడం సులభం? రెండు పెద్ద పెట్టెలు, పాప, చేతి సంచులు ఉంటాయి.

ట్రెంట్ ఒడ్డున

మొదటిదానికి నేను చెబుతాను. రోగులకు నేరుగా సేవ చేసే ఆరోగ్య సంస్థల స్థలాలకు ఆ లెవీలో పూర్తి మినహాయింపు ఉంది. అయినా ఆసుపత్రిలో ఉద్యోగులకు పార్కింగ్ అనుమతి దొరకడం వేరే కథ, స్థలం తక్కువ, అడిగేవారు ఎక్కువ. కారున్న నర్సులు కూడా టోటన్ లేన్‌లో బండి పెట్టి ట్రామ్‌లో రావడం ఇక్కడ మామూలే.

కారు ఉంటే అన్ని కష్టాలూ తీరతాయన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో క్లిఫ్టన్ వంతెన లోపల ఉక్కు తుప్పు పట్టిందని తేలి, ఉన్నట్టుండి మూసేశారు. ట్రెంట్ నదిని దాటే దారులు ఈ ఊరికి కొన్నే ఉన్నాయి, వాటిలో పెద్దది మూతపడేసరికి నగరంలో సగం రోడ్లు స్తంభించిపోయాయి. విల్ఫర్డ్ దగ్గర వేరే వంతెన మీదుగా వెళ్ళే ట్రామ్ మాత్రం ఎప్పటిలాగే నడిచింది. ఇల్లు నదికి ఏ వైపున ఉందో చూసుకోమని కొత్తవారందరికీ నేను చెప్పేది అందుకే. బీస్టన్, ఆసుపత్రి, డెర్బీ దారి మూడూ నదికి ఒకే వైపున ఉండడం మీకు కలిసొచ్చింది.

పట్టాల మీద

విమానాల సంగతి. పేరు చూసి ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయం అనుకోకండి. అది సరుకు రవాణాకు, ఐరోపా విహారయాత్రలకు పేరున్నది, భారతదేశానికి అక్కడి నుంచి విమానాలు లేవు. మీ ముందు ఉన్నవి మూడు దారులు.

హీత్రో నుంచి హైదరాబాదుకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా వెళుతుంది. రైలులో లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషనులో దిగి, కింద పికడిల్లీ మార్గం భూగర్భ రైలు ఎక్కితే మారకుండా హీత్రో చేరవచ్చు. కాని పాప, రెండు పెట్టెలతో రద్దీ వేళలో అది కష్టం. నాటింగ్‌హామ్ నుంచి నేరుగా హీత్రోకు వెళ్ళే నేషనల్ ఎక్స్‌ప్రెస్ కోచ్‌లు ఉన్నాయి. సమయం ఎక్కువ పడుతుంది, దారిలో రద్దీ ఉంటే ఇంకా పడుతుంది, అయినా పెట్టెలు ఒకసారి లోపల పెడితే మళ్ళీ విమానాశ్రయంలోనే దించుకుంటారు. సామాను మీద పరిమితి ముందే చూసుకోండి.

బర్మింగ్‌హామ్ నుంచి దుబాయి మీదుగా ఎమిరేట్స్‌లో హైదరాబాదు చేరవచ్చు. న్యూ స్ట్రీట్ స్టేషనులో ఒక్కసారి రైలు మారి బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషనులో దిగితే, అక్కడి నుంచి టెర్మినల్‌కు ఉచిత వాహనం ఉంటుంది. మీ కుటుంబానికి నా ఎంపిక ఇదే. మాంచెస్టర్‌కు నేరుగా రైలు ఉంది గాని పికడిల్లీ స్టేషనులో మారి విమానాశ్రయం వెళ్ళాలి, షెఫీల్డ్ మీదుగా కొండల నడుమ సాగే ఆ దారి అందమైనదే అయినా సమయం తినేస్తుంది.

ఏ దారి అయినా ఆదివారం విమానం ఎక్కవలసి ఉంటే రైలును గుడ్డిగా నమ్మవద్దు. పట్టాల మరమ్మతులు ఎక్కువగా ఆదివారాల్లోనే పెట్టుకుంటారు, రైలుకు బదులు బస్సులు నడుపుతారు. టికెట్టు కొనే ముందు ఆ రోజు పనులున్నాయేమో చూడాలి. రైలు పావుగంట కంటే ఎక్కువ ఆలస్యమైతే ఛార్జీలో కొంత, గంట దాటితే ఒక వైపు ఛార్జీ మొత్తం తిరిగి అడిగే హక్కు మీకు ఉంది. అడిగితేనే ఇస్తారు, టికెట్టు పారేయవద్దు.

డెర్బీ ప్రయాణికుడు

రైలు టికెట్ల మీద తగ్గింపు గురించి ఎవరూ రాయలేదు కనుక చేరుస్తున్నాను. మీకు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు సరిపోతుంది. దానితో పెద్దవారికి మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. అయితే అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎలాగూ టికెట్టు అక్కరలేదు, ఆ కార్డుతో తగ్గింపు పొందాలంటే ప్రయాణంలో టికెట్టు ఉన్న బిడ్డ ఉండాలి. కనుక పాపకు అయిదేళ్ళు నిండేవరకు మీ ఇద్దరి పేర్లతో టూ టుగెదర్ కార్డు తీసుకోండి, ఇద్దరూ కలిసి వెళితే ఇద్దరికీ మూడో వంతు తగ్గుతుంది. వారపు రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర తరువాతే అది చెల్లుతుందని గమనించండి. మీ వారి ఉద్యోగ ప్రయాణానికి ఇవేవీ పనికిరావు, దానికి పైన చెప్పిన సీజన్ టికెట్టు లెక్కే వేసుకోవాలి.